షేర్లు కొన్నాక ఓనర్‌గా ఏం చేయాలి? ఒక్కో అడుగూ చూద్దాం

తిరుపతిలో ఇప్పుడు ఏ టీ అంగడి దగ్గర నిలబడినా ఫోన్‌లో షేరు రేటు చూసుకునేవాళ్లు ఇద్దరైనా కనిపిస్తారు. రేటు పైసలతో సహా చెప్తారు. మరి ఆ కంపెనీ ఏజీఎం (ఏటా జరిగే షేరుదారుల సమావేశం) ఎప్పుడు, ఈసారి ఏ తీర్మానాలు పెట్టారు, మీరు ఓటేశారా అని అడిగితే మాత్రం "మనకు ఓటు కూడా ఉంటుందా అన్నా?" అంటారు. ఉంటుంది. ఒక్క షేరున్నా ఉంటుంది. ఇది రాయడానికి కారణం అదే. ఏ షేరు కొనాలి, ఎప్పుడు అమ్మాలి అన్నది ఇక్కడ దొరకదు. కొన్నాక మీ చేతికి ఏం వచ్చింది, దాన్ని ఎలా వాడుకోవాలి, ఎలా కాపాడుకోవాలి, అంతే. మధ్యలో వచ్చే కంపెనీల పేర్లు అర్థం కావడానికే తప్ప కొనమని కాదు, అమ్మమనీ కాదు.

ముందు మీ వాటా ఎంతో లెక్కేసుకోండి

మనందరికీ తెలిసిన కంపెనీ కాబట్టి కరకంబాడి అమర రాజానే తీసుకుందాం. బ్యాటరీల కంపెనీ, 2023లో అమర రాజా ఎనర్జీ అండ్ మొబిలిటీ అని పేరు మార్చుకుంది. మొత్తం షేర్లు సుమారు 18.3 కోట్లు. మీ దగ్గర 100 షేర్లుంటే 18.3 లక్షల భాగాల్లో ఒక భాగం మీది. చిన్నదే కానీ అది నిజమైన వాటా. లాభంలో, ఓటులో, కొత్తగా ఇచ్చే షేర్లలో అన్నింట్లోనూ ఆ నిష్పత్తిలోనే మీకు దక్కుతుంది. మీ దగ్గరున్న ప్రతి కంపెనీకీ ఈ లెక్క ఒకసారి వేసి పెట్టుకోండి. మొత్తం షేర్లెన్నో ఎన్‌ఎస్‌ఈ, బీఎస్‌ఈ వెబ్‌సైట్లలో మూడు నెలలకోసారి పెట్టే షేర్‌హోల్డింగ్ ప్యాటర్న్‌లో ఉంటుంది. ప్రమోటర్ల (కంపెనీని పెట్టి నడిపించేవాళ్ల) చేతిలో ఎంత ఉంది, అందులో తాకట్టు పెట్టింది ఎంత అన్నదీ ఆ పట్టికలోనే ఉంటుంది. ఆ తాకట్టు కాలమ్ తప్పకుండా చూడండి. ప్రమోటరు తన షేర్లలో ఎక్కువ భాగం కుదువ పెట్టి అప్పు తెచ్చాడంటే, రేటు పడిన రోజు అప్పిచ్చినవాళ్లు ఆ షేర్లను మార్కెట్‌లో అమ్మేయొచ్చు, రేటు ఇంకా పడుతుంది, దెబ్బ మీకూ తగులుతుంది.

ఇంకో చిన్న విషయం, ముఖ విలువ, అంటే షేరు మీద రాసుండే విలువ. మార్కెట్ రేటుకీ దీనికీ సంబంధం లేదు. డివిడెండ్ అంటే కంపెనీ లాభంలోంచి షేరుకి ఇంత అని పంచే డబ్బు, దాన్ని ముఖ విలువ మీద శాతంగా చెప్తారు. "500 శాతం డివిడెండ్" అని పేపర్లో చూసి చాలామంది ఎగిరి గంతేస్తారు. ముఖ విలువ ఒక రూపాయైతే 500 శాతం అంటే షేరుకి ఐదు రూపాయలు, అంతే.

ఏది మీది, ఏది మీది కాదు

ఇది సరిగ్గా అర్థం చేసుకుంటే మిగతాదంతా సులువు. షేరు మీదే, కానీ కంపెనీ ఆస్తి మీది కాదు. 1950ల్లో సుప్రీంకోర్టు దాకా వెళ్లిన కేసొకటి ఉంది. బాచా గుజ్దర్ అనే ఆవిడకి టీ కంపెనీల్లో షేర్లుండేవి. టీ తోటల ఆదాయంలో 60 శాతాన్ని వ్యవసాయ ఆదాయంగా లెక్కేస్తారు కదా, నా డివిడెండ్‌లో కూడా అంత భాగానికి పన్ను ఉండకూడదు అని ఆవిడ వాదన. కోర్టు ఒప్పుకోలేదు. తోట కంపెనీది, చట్టం దృష్టిలో కంపెనీ వేరే వ్యక్తి, మీకున్నది లాభం పంచినప్పుడు వాటా తీసుకునే హక్కు మాత్రమే అని తేల్చింది. మన చిత్తూరు వైపు అన్నదమ్ముల ఉమ్మడి మామిడితోటైతే తమ్ముడు వెళ్లి తన వంతు కాయలు కోసుకోవచ్చు. కంపెనీలో అది కుదరదు. వంద షేర్లున్నాయని ఫ్యాక్టరీ గేటు దగ్గరికెళ్లి ఒక బ్యాటరీ ఇవ్వమంటే ఇవ్వరు.

దీనికి రెండో వైపు కూడా ఉంది, అది మీకు రక్షణ. కంపెనీ ఆస్తి మీది కానట్టే కంపెనీ అప్పూ మీది కాదు. షేరు డబ్బు పూర్తిగా కట్టాక కంపెనీ ఎన్ని వేల కోట్లు బాకీ పడినా మీ ఇంటికి ఎవరూ రారు. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు లెక్కలన్నీ తప్పని ఉత్తరం రాసిన రోజున షేరు ఒక్క పూటలో కుప్పకూలింది. షేరుదారులు పెట్టిన డబ్బు పోగొట్టుకున్నారు, కానీ కంపెనీ బాకీ తీర్చమని ఎవరినీ అడగలేదు.

కంపెనీ మూతబడితే మాత్రం వరుసలో మీరు ఆఖరు. దివాలా ప్రక్రియ ఖర్చులు, కార్మికుల జీతాలు, తాకట్టు మీద అప్పిచ్చిన బ్యాంకులు, మిగతా ఉద్యోగులు, మిగతా అప్పులవాళ్లు, ప్రభుత్వ బకాయిలు, అన్నీ తీరాక మిగిలితే మీకు. మామూలుగా మిగలదు. 2021లో దివాలా తీసిన ఇళ్ల రుణాల కంపెనీ డీహెచ్‌ఎఫ్‌ఎల్‌ను పిరమల్ గ్రూపు తీసుకున్నప్పుడు పాత షేరుదారులకు సున్నా వచ్చింది. దివాలా కోర్టుకు చేరిన కంపెనీ షేరు రెండు రూపాయలకి దొరుకుతోంది కదా, కొత్త ఓనరు వస్తే పెరుగుతుంది కదా అని కొనేవాళ్లు ఈ వరుస ఒకసారి చదువుకోవాలి. కంపెనీ బతకొచ్చు, మీ షేరు బతకకపోవచ్చు.

షేర్లు నిజంగా మీ పేరు మీదే ఉన్నాయా చూసుకోండి

బ్రోకర్ యాప్‌లో కనిపించేది బ్రోకర్ చూపించే లెక్క. షేర్లను కాగితం లేకుండా దాచే అసలు ఖాతా (డీమ్యాట్) ఉండేది ఎన్‌ఎస్‌డీఎల్‌లోనో సీడీఎస్‌ఎల్‌లోనో, ఈ రెండు సంస్థల్నే డిపాజిటరీలు అంటారు. మీ డీమ్యాట్ నంబరు 16 స్థానాలు. ఇంగ్లిష్ 'ఐఎన్' అక్షరాలతో మొదలైతే ఎన్‌ఎస్‌డీఎల్, అన్నీ అంకెలే అయితే సీడీఎస్‌ఎల్. ఆ రెండింటికీ సొంత వెబ్‌సైట్లు, సొంత లాగిన్లు ఉన్నాయి. బ్రోకర్‌తో పని లేకుండా అందులోకి వెళ్లి చూడండి. మెయిల్‌కి మీ ఖాతాలన్నీ కలిపి చూపించే కన్సాలిడేటెడ్ స్టేట్‌మెంట్ కూడా వస్తుంది, తెరవకుండా వదిలేయకండి. ఈ మాట ఊరికే చెప్పట్లేదు. 2019 నవంబరులో హైదరాబాద్ కార్వీ స్టాక్ బ్రోకింగ్ మీద మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ ఉత్తర్వు ఇచ్చింది, ఖాతాదారుల షేర్లు తాకట్టు పెట్టి డబ్బు తెచ్చుకుందని. మన వైపు కూడా ఎన్నో ఇళ్లలో వాళ్ల దగ్గరే అకౌంట్లు ఉండేవి, ఆ నెలల్లో ఎంత టెన్షన్ పడ్డారో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఇప్పుడు సోమవారం కొంటే మంగళవారానికల్లా షేరు మీ డీమ్యాట్‌లో పడాలి. పడిందా లేదా అన్నది డిపాజిటరీ లాగిన్‌లోనే చూసుకోండి.

డీమ్యాట్ అంటే ఇంకా భయపడే పెద్దవాళ్లు మన ఇళ్లలో ఉన్నారు. వాళ్లకి ఒక మాట చెప్పండి. భక్తులు షేర్లు కూడా కానుకగా ఇచ్చేందుకు వీలుగా టీటీడీ 2015లోనే స్వామివారికి డీమ్యాట్ అకౌంట్ తెరిచింది.

ఇదే ఊపులో మెయిల్, ఫోన్ నంబరు, బ్యాంకు అకౌంటు సరిగ్గా ఉన్నాయా చూసి నామినీ పేరు కూడా పెట్టేయండి. నామినీ విషయంలో ఒక్క జాగ్రత్త. నామినీ అంటే షేర్లు అందుకునేవాళ్లు మాత్రమే, వారసులు కారు. 2023 డిసెంబరులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది, నామినేషన్ ఉన్నంత మాత్రాన వారసత్వ చట్టం పక్కకి పోదని. పెద్ద కొడుకు పేరు నామినీగా రాసి, కూతురికి కూడా సమానంగా వెళ్లాలని మనసులో అనుకుంటే చాలదు, వీలునామా రాయండి.

డివిడెండ్ ఎలా వస్తుంది, ఎక్కడ ఆగిపోతుంది

ఏడాది చివర్లో ఇచ్చే డివిడెండ్‌ను బోర్డు ప్రతిపాదిస్తుంది, ఏజీఎంలో మీరు ఆమోదిస్తారు. బోర్డు చెప్పినదానికంటే ఎక్కువ ఇవ్వమని ఓటేసే హక్కు మీకు లేదు. లాభం వచ్చిన ప్రతి ఏడాదీ పంచాలన్న రూలూ లేదు, కొత్త ప్లాంటు కోసం దాచుకోవచ్చు, అందులో తప్పేం లేదు.

డివిడెండ్ ఎవరికివ్వాలో తేల్చేందుకు కంపెనీ పెట్టే రికార్డు తేదీ నాటికి షేరు మీ డీమ్యాట్‌లో ఉండాలి, అంటే కనీసం ఒక ట్రేడింగ్ రోజు ముందే కొని ఉండాలి. రికార్డు తేదీ రోజున కొంటే ఆ డివిడెండ్ అమ్మినవాళ్లకే పోతుంది. ప్రకటించాక 30 రోజుల్లో డబ్బు మీ బ్యాంకులో పడాలి. ఒక కంపెనీ నుంచి ఏడాదికి 10,000 రూపాయలు దాటితే 10 శాతం పన్ను (టీడీఎస్) ముందే కోసి ఇస్తారు, పాన్ ఇవ్వకపోతే 20 శాతం. ఆదాయం పన్ను పరిధిలో లేని పెద్దవాళ్లు ముందే డిక్లరేషన్ ఇస్తే కోయరు. చాలా కంపెనీలు ఏజీఎంకి ముందే దీని గురించి మెయిల్ పంపిస్తాయి. ఆ మెయిల్ చదవకే రిఫండ్ కోసం రిటర్న్ వేసుకుంటూ కూర్చుంటారు.

అసలు ప్రమాదం బ్యాంకు అకౌంటు మారినప్పుడు వస్తుంది. మీకు రాని డివిడెండ్ ఏడేళ్లు అలాగే ఉండిపోతే కేంద్ర ప్రభుత్వం దగ్గరుండే ఐఈపీఎఫ్ నిధికి వెళ్తుంది. అంతటితో ఆగదు. వరసగా ఏడేళ్లు డివిడెండ్ తీసుకోకపోతే ఆ షేర్లే ఆ నిధికి మారిపోతాయి. వెనక్కి తెచ్చుకోవచ్చు కానీ తిరగాల్సి వస్తుంది.

ఓటు వేయండి. అన్నింటికంటే దీని మీదే ఎక్కువ రాస్తున్నా

ఏడాదికోసారి, ఎక్కువగా జూలై నుంచి సెప్టెంబరు లోపు, మీ మెయిల్‌కి ఒక పెద్ద పీడీఎఫ్ వస్తుంది. వార్షిక నివేదిక, దాంతోపాటు ఏజీఎం నోటీసు. మీటింగ్‌కి కనీసం 21 రోజుల ముందు పంపాలి. రెండు వందల పేజీలు చూసి మూసేయకండి, నోటీసు భాగం మాత్రం వెతుక్కుని చదవండి, పది పదిహేను పేజీలే ఉంటుంది.

మొదట వచ్చేవి మామూలు పనులు: లెక్కల ఆమోదం, డివిడెండ్, వంతు ప్రకారం దిగిపోయే డైరెక్టర్‌ని మళ్లీ నియమించడం. ఆ తర్వాత 'ప్రత్యేక వ్యవహారాలు' అని ఉంటుంది, అక్కడ ఆగండి. ఎండీ జీతం పెంపు, ప్రమోటర్ల ఇంట్లోవాళ్లకి పదవి, ప్రమోటర్ల వేరే కంపెనీతో కొనుగోలు అమ్మకాలు, కొత్త షేర్లు ఎవరికో ఇవ్వడం, ఇలాంటివన్నీ అక్కడే వస్తాయి. ప్రతిదానికీ నోటీసు చివర్లో వివరణ ఇవ్వాలని చట్టం. ఎందుకు, ఎంత, ఎవరికి లాభం అన్నది ఆ వివరణలో రాయాలి. నేనైతే తీర్మానం కంటే ముందు ఆ వివరణే చదువుతా.

మామూలు తీర్మానానికి సగానికంటే ఎక్కువ ఓట్లు చాలు. ప్రత్యేక తీర్మానానికి మాత్రం వ్యతిరేకంగా పడిన ఓట్లకి మూడు రెట్లు అనుకూలంగా పడాలి, అంటే నూటికి 75. ప్రమోటర్ల చేతిలో 50 శాతం ఉన్నా ప్రత్యేక తీర్మానాన్ని వాళ్లొక్కరే నెగ్గించుకోలేకపోవచ్చు.

ఇక రిలేటెడ్ పార్టీ లావాదేవీలు. లిస్టెడ్ కంపెనీ తన ప్రమోటర్ల సొంత కంపెనీతో పెద్ద లావాదేవీ పెట్టుకోవాలంటే షేరుదారుల ఆమోదం కావాలి, ఆ సంబంధం ఉన్నవాళ్లు ఆమోదిస్తూ ఓటు వేయడానికి వీల్లేదు. ఆ ఒక్క అంశం వరకూ ప్రమోటర్ల పెద్ద వాటా లెక్కలోకి రాదు, నిర్ణయం మిగతావాళ్లది. అందులో మీరూ ఉన్నారు. సత్యం 2008 డిసెంబరు 16న ఏం చేసిందో గుర్తు చేసుకోండి. రాజుగారి కుటుంబానికి చెందిన మేటాస్ కంపెనీలను 160 కోట్ల డాలర్లకు కొంటామని బోర్డు నిర్ణయించింది. పెట్టుబడిదారులు మండిపడ్డారు, గంటల్లోనే కంపెనీ వెనక్కి తగ్గింది. అప్పుడు ఆపింది పెద్ద ఫండ్ల ఒత్తిడి, షేరుదారుల ఓటు కాదు. ఆ తర్వాత వచ్చిన 2013 కంపెనీల చట్టం, సెబీ నిబంధనలు ఇలాంటి ఓటును చిన్న షేరుదారు చేతిలో కూడా పెట్టాయి. మనం వాడకపోతే అది ఉండీ లేనట్టే.

ఓటు ఎలా వేయాలంటే, ఫోన్ చాలు. నోటీసులో కటాఫ్ తేదీ ఉంటుంది, ఆ రోజు మీ దగ్గర షేర్లుంటే ఓటు మీది, తర్వాత అమ్మేసినా సరే. ఈ-ఓటింగ్ కనీసం మూడు రోజులు తెరిచి ఉంటుంది, మీటింగ్ ముందు రోజు సాయంత్రం 5 గంటలకి మూస్తారు. సీడీఎస్‌ఎల్ లేదా ఎన్‌ఎస్‌డీఎల్ వెబ్‌సైట్‌లో ఈ-ఓటింగ్ నొక్కండి, డీమ్యాట్ నంబరు, పాన్ కొట్టండి, ఫోన్‌కి ఓటీపీ వస్తుంది. లోపలికి వెళ్తే మీ దగ్గరున్న కంపెనీల్లో ఏయే కంపెనీల ఓటింగ్ నడుస్తోందో కనిపిస్తుంది. ఒక్కో తీర్మానం పక్కన అనుకూలం, వ్యతిరేకం ఉంటాయి. అన్నింటికీ కలిపి ఒకేసారి అనుకూలం కొట్టే బటన్ జోలికి వెళ్లకుండా ఒక్కొక్కటీ చదివి నొక్కండి. ఒకసారి ఓటేశాక మార్చడం కుదరదు. మీటింగ్ వీడియోలో చూడొచ్చు, కానీ ముందే ఓటేసినవాళ్లు అక్కడ మళ్లీ వేయలేరు.

మాట్లాడాలనుకుంటే స్పీకర్‌గా ముందే పేరివ్వాలి, ఆ మెయిల్ ఐడీ, గడువు నోటీసులోనే ఉంటాయి. 2020 నుంచి ఏజీఎంలు వీడియోలో పెట్టుకోవడం మొదలయ్యాక ముంబై కంపెనీ ఛైర్మన్‌ని బైరాగిపట్టెడలో ఇంట్లో కూర్చునే అడగొచ్చు. అడగండి, కానీ షేరు రేటు ఎప్పుడు పెరుగుతుంది అని కాదు. నోటీసులో పేజీ నంబరు చూపించి "ఈ లావాదేవీకి ఈ ధర ఎలా వచ్చింది, ఇంకెవరినైనా కొటేషన్ అడిగారా?" అని అడిగితే జవాబు చెప్పక తప్పదు.

మీటింగ్ అయిన రెండు పనిదినాల్లో ఓటింగ్ ఫలితం ఎక్స్ఛేంజ్ వెబ్‌సైట్‌లో పెట్టాలి. దాన్ని ఒక్కసారి తెరిచి చూడండి. ప్రతి తీర్మానానికీ మూడు వరసలు: ప్రమోటర్లు, సంస్థలు, ఇతర ప్రజలు. ఒక్కో వరసలో ఎన్ని షేర్లున్నాయి, ఎన్ని ఓటేశాయి, ఎన్ని వ్యతిరేకించాయి అని ఉంటుంది. మూడో వరసలో ఉన్నది మనమే. అందులో ఎంత శాతం ఓటేశారో చూడండి, మీ కంపెనీలో మీలాంటివాళ్లు ఏం చేస్తున్నారో తెలుస్తుంది.

కంపెనీ రిజిస్టర్డ్ ఆఫీసు దగ్గర్లోనే ఉంటే ఇంకో హక్కు కూడా వాడుకోవచ్చు. సర్వసభ్య సమావేశాల్లో ఏం జరిగిందో రాసే మినిట్స్ పుస్తకాన్ని సభ్యులెవరైనా రుసుము లేకుండా చూడొచ్చని చట్టం చెప్తోంది. అమర రాజా రిజిస్టర్డ్ ఆఫీసు రేణిగుంట-కడప రోడ్డులో కరకంబాడిలోనే ఉంది, తిరుపతి షేరుదారుకి ఆటో దూరం. వెళ్లేముందు మెయిల్ పెట్టి టైమ్ అడగండి.

రైట్స్, బోనస్, స్ప్లిట్

బోనస్‌కీ (ఉచితంగా ఇచ్చే అదనపు షేర్లు) స్ప్లిట్‌కీ (ఒక షేరును ముక్కలుగా విడగొట్టడం) మీరు చేయాల్సింది ఏమీ లేదు, షేర్లు పెరుగుతాయి, రేటు ఆ మేరకు తగ్గుతుంది, మీ వాటా అంతే ఉంటుంది. రైట్స్ ఇష్యూ అలా కాదు. కంపెనీ కొత్త షేర్లు ముందు మీకే ఇస్తానంటుంది, మీ డీమ్యాట్‌లో ఆ హక్కు ఒక ఎంట్రీలా వచ్చి కూర్చుంటుంది. డబ్బు కట్టి షేర్లు తీసుకోండి, లేదా ఆ హక్కును మార్కెట్‌లో గడువులోపు అమ్మేయండి. రెండూ చేయకపోతే అది రద్దయిపోతుంది, మీ వాటా కూడా పలచబడుతుంది. ఇది తెలియక ఉచితంగా వదిలేసుకునేవాళ్లు చాలామంది.

బీరువాలో పాత సర్టిఫికెట్ దొరికితే

మన జిల్లాలో ఇది తరచూ జరిగేదే. నాన్నగారి బీరువాలో లాంకో ఇండస్ట్రీస్ అని రాసున్న షేర్ సర్టిఫికెట్ బయటపడుతుంది. ఆ కంపెనీ ఇప్పుడు లేదు కదా అని చించేయకండి. శ్రీకాళహస్తి దగ్గర రాచగున్నేరిలో పైపులు చేసే ఆ కంపెనీయే తర్వాత శ్రీకాళహస్తి పైప్స్ అయింది, ఆ తర్వాత ఎలక్ట్రోస్టీల్ కాస్టింగ్స్‌లో కలిసింది. విలీనంలో ప్రతి 10 షేర్లకీ ఎలక్ట్రోస్టీల్ షేర్లు 59 ఇచ్చారు. అంటే పాత 100 షేర్ల కాగితం వెనక 590 షేర్ల హక్కు ఉండొచ్చు. పేరు మారినా, కంపెనీ ఇంకోదాంట్లో కలిసినా హక్కు పోదు.

వరసగా ఇలా చేయండి. కాగితం మీదున్న ఫోలియో నంబరు (కంపెనీ పుస్తకాల్లో షేరుదారు ఖాతా నంబరు), పేరు, షేర్ల సంఖ్య రాసుకోండి. ఆ కంపెనీ ఇప్పుడు ఏ పేరుతో ఉందో కనుక్కుని, దాని రిజిస్ట్రార్ (షేరుదారుల రికార్డులు చూసే సంస్థ) ఎవరో వార్షిక నివేదికలో చూసి మెయిల్ పెట్టండి. ఐఈపీఎఫ్ వెబ్‌సైట్‌లో నాన్నగారి పేరుతో వెతకండి, పేరు స్పెల్లింగ్ రెండు మూడు రకాలుగా కొట్టి చూడండి, ఇంటిపేరు ముందూ వెనకా మార్చి కూడా. షేర్లు ఇంకా ఫోలియోలోనే ఉంటే వారసుల పేరు మీదకి మార్చి డీమ్యాట్ చేయించుకోవచ్చు. 2019 ఏప్రిల్ నుంచి కాగితం షేర్లను ఇంకొకరికి అమ్మడం కుదరదు కానీ చనిపోయినవారి నుంచి వారసులకి రావడానికి అడ్డు లేదు. విలువ ఒక పరిమితి లోపలుంటే కోర్టు నుంచి సక్సెషన్ సర్టిఫికెట్ లేకుండానే, మరణ ధ్రువపత్రం, కుటుంబసభ్యుల అఫిడవిట్, నిరభ్యంతర పత్రాల్లాంటివాటితో పని అయిపోతుంది. ఐఈపీఎఫ్‌కి వెళ్లిపోయి ఉంటే ఐఈపీఎఫ్-5 ఫారం ఆన్‌లైన్‌లో నింపి, కాగితాలు కంపెనీ నోడల్ ఆఫీసర్‌కి పంపాలి.

ఈ పని చేసిపెడతాం, వచ్చిన దాంట్లో సగం మాకివ్వండి అని ఫోన్లు చేసేవాళ్లు ఉంటారు. ఏమీ సంతకం పెట్టకండి. ముందు మీరే కంపెనీకి ఒక మెయిల్ పెట్టి చూడండి, చాలాసార్లు దారి అక్కడే దొరుకుతుంది.

జవాబు రాకపోతే

డివిడెండ్ రాలేదు, పేరు మార్పు నెలల తరబడి ఆగింది, మెయిల్‌కి బదులు లేదు అనుకోండి. ముందు కంపెనీ సెక్రటరీకి రాయండి, ఆయన మెయిల్ ఐడీ కంపెనీ వెబ్‌సైట్‌లో ఉండి తీరాలి. ఆ మెయిల్ కాపీ దాచుకోండి. అప్పటికీ కదలకపోతే సెబీ స్కోర్స్ పోర్టల్‌లో పాన్‌తో రిజిస్టర్ చేసుకుని ఫిర్యాదు వేయండి. ఖర్చు లేదు, లాయర్ అక్కర్లేదు, కంపెనీ 21 రోజుల్లో జవాబివ్వాలి. ఫిర్యాదులో కోపం కాదు, ఫోలియో లేదా డీమ్యాట్ నంబరు, తేదీలు, మీరు పెట్టిన మెయిల్ కాపీ, మీకు ఏం కావాలో ఒక్క వాక్యంలో. జవాబు నచ్చకపోతే 15 రోజుల్లోపు అక్కడే రివ్యూ అడగొచ్చు. ఆ గడువు దాటితే ఫిర్యాదు మూసేస్తారు కాబట్టి జవాబు వచ్చిన రోజే ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి.